నీళ్ళలో నీడల ఫోటోలు నలుగురికీ చూపించే ముందు

మీరు అడిగినవి మూడు. ఫోన్‌తో తీసిన వాన గుంటల్లో నీడలు, రాత్రి బస్సు అద్దాలు, అమ్మ తోమి బోర్లించిన ఇత్తడి బిందె, ఇలాంటి ఫోటోలు బయటివాళ్ళకి చూపించదగినవేనా? చూపిస్తే ఎక్కడ, ఎలా? మంచి కెమెరా కొనేదాకా ఆగాలా? దాంతోపాటు పద్నాలుగు ఫోటోలు జత చేశారు. ఫ్యామిలీ గ్రూపులో ఒక పెద్దాయన "ఇందులో ఏముందమ్మా?" అన్నారని కూడా రాశారు. ఆ మాట మీకు బాగా గుచ్చుకుందని రాసిన తీరులోనే తెలుస్తోంది.

నేను రాజమండ్రిలో ఉంటాను. ఫిల్మ్ రోల్స్ రోజుల నుంచి, అంటే ముప్పై ఏళ్ళ పైనుంచి ఫోటోలు తీస్తున్నాను. ఇల్లు గడిచింది పెళ్ళి ఫోటోలతో. నాకోసం తీసుకున్నవన్నీ గోదావరి గట్టు మీదవే. మీ పద్నాలుగూ రెండుసార్లు చూశాను. కెమెరా ఇప్పుడు కొనకండి. ఫోటోలు మాత్రం తప్పకుండా పంచుకోండి. అయితే పద్నాలుగూ ఒకేసారి వద్దు, ఒక్క మాటైనా రాయకుండా పెట్టడం అసలు వద్దు.

మీ మూడో ఫోటో తీసుకుందాం. వాన వెలిశాక రోడ్డు మీద నిలిచిన గుంటలో కూరగాయల బండి తలకిందులుగా కనిపిస్తోంది. ఫోన్ తెరని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను. బండి చక్రం, గోనెసంచి మీద పేర్చిన బెండకాయలు, పక్కనే తడిసిన గొడుగు. తక్కెడ కొయ్యకి దారంతో కట్టి వేలాడదీసిన క్యూఆర్ కోడ్ అట్ట. ఆ అట్ట మీద వానచుక్క పడి ఒక మూల రంగు కారింది. ఇనప గుండ్లతో తూచే తక్కెడ, డబ్బులకి క్యూఆర్ కోడ్, రెండూ ఒకే కొయ్యకి వేలాడే కాలం ఇది. పదిహేనేళ్ళ కిందట ఈ దృశ్యం లేదు. ఇంకో పదిహేనేళ్ళకి ఆ తక్కెడ ఉండకపోవచ్చు. ఆ పెద్దాయనకి ఇందులో ఏమీ కనబడకపోవడం ఆయన తప్పు కాదు. పొద్దున్నే వచ్చే గులాబీలూ శుభోదయాలూ పాతిక తోసేస్తూ పోతుంటే మధ్యలో మీ ఫోటో తగిలింది. ఏ ఊరో రాయలేదు, ఎప్పుడు తీశారో రాయలేదు. "తణుకు మార్కెట్ రోడ్డు, ఆదివారం పొద్దున వాన తగ్గిన అరగంటకి" అని ఒక్క వరుస ఉంటే ఆయన వేలు అక్కడ ఆగేది. తణుకులో ఆయనకి తెలిసిన దుకాణం ఏదైనా కనిపిస్తుందేమోనని వెతికేవాడు కూడా.

అమెరికాలో వివియన్ మాయర్ అనే ఆవిడ ఉండేది. 1926లో పుట్టి 2009లో చనిపోయింది. షికాగోలో ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికింది. సెలవు రోజుల్లో మెడలో కెమెరా వేసుకుని వీధులు తిరిగేది. అద్దాల్లో, దుకాణాల గాజు తలుపుల్లో తన నీడని తనే ఎన్నోసార్లు తీసుకుంది. బతికున్నంత కాలం దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆమె అద్దెకి తీసుకున్న గదిలోని సామాన్లు అద్దె బకాయి కింద వేలానికి వెళ్తేనే ఆ ఫోటోలు బయటపడ్డాయి. లక్షకి పైగా నెగెటివ్‌లు. వాటిలో డెవలప్ కూడా చేయించని రోల్స్ చాలా ఉన్నాయి, అంటే వాటిలో ఏముందో ఆమె కూడా చూసుకోలేదు. ఇప్పుడు ఆ ఫోటోల పుస్తకాలు తిరగేస్తుంటే చాలా వాటి కింద తేదీ ఉండదు, ఊరు ఉండదు. అడుగుదామంటే మనిషి లేదు. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. అందుకే ఫోటో కింద ఊరూ పూటా రాయమని కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతాను.

ఇక తీసే సంగతి. మీ నీడలు కొన్ని మసగ్గా వచ్చాయి, కెమెరా బాగాలేక అనుకున్నారు. కారణం అది కాదు.

మన భాషలో ఎండకి పడేదాన్నీ నీడే అంటాం, నీళ్ళలో కనిపించేదాన్నీ నీడే అంటాం. తీసేటప్పుడు మాత్రం రెండూ వేర్వేరు. ఎండ నీడ నేల మీదే ఉంటుంది. నీళ్ళలో నీడ నీటి పైపొర మీద ఉండదు. చెట్టు నీటికి ఎంత పైన ఉందో దాని నీడ అంత లోతున ఉన్నట్టు లెక్క. కాబట్టి గుంట మీద తేలే ఆకుని తాకి ఫోకస్ చేస్తే ఆకు స్పష్టంగా వస్తుంది, నీడ చెదురుతుంది. నీడలో ఉన్న కొమ్మని తాకండి. ఫోన్లలో వెలుతురు పట్టే సెన్సర్ చిన్నది కనుక కాస్త దూరం నుంచి తీస్తే రెండూ సరిపోతాయి. మీరు గుంటకి జానెడు దూరంలో పెట్టి తీసినవాటిలోనే తేడా కొట్టింది. ఎనిమిదో ఫోటోలో వెనకదాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ వాడారు, అది నీడల దగ్గర వద్దు. ఏది దగ్గరో ఏది దూరమో ఫోన్ లెక్క వేసుకునే పద్ధతి నీళ్ళ దగ్గర తప్పుతుంది. సగం కొమ్మని ఉంచి సగం కొమ్మని చెరిపేసింది చూడండి.

నీడ పాలిపోయినట్టు రావడానికి ఇంకో కారణం మీరు నిలబడి తీయడం. నీటిని నిటారుగా పైనుంచి చూస్తే మీద పడ్డ వెలుతురులో నూటికి రెండు వంతులే తిరిగి మన కంటికి వస్తుంది, మిగతాది నీటిలోకి దిగిపోతుంది. ఏటవాలుగా చూస్తున్నకొద్దీ ఆ వంతు పెరుగుతుంది. కన్ను నీటి మట్టానికి బాగా దగ్గరగా దించితే సగానికి పైగా తిరిగొస్తుంది. అందుకే వంగాలి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి, లెన్స్ కిందికి వస్తుంది, గుంట అంచుకి రెండు వేళ్ళ ఎత్తులో పెట్టండి. అరచేతి వెడల్పు గుంటలో కూడా వీధి మొత్తం పడుతుంది. ఫోటో దానంతట అదే నిటారుగా తిరుగుతుంది, కంగారు పడకండి. పోలరైజర్ ఫిల్టర్ అని కొందరు అమ్ముతారు, అది నీళ్ళ మీది మెరుపుని తగ్గించడానికి. నీడ కావాలనుకున్నప్పుడు అది పెట్టుకుంటే చేజేతులా నీడని తీసేసుకున్నట్టే.

వంగడంలో ఇంకో లాభం ఉంది. నీడ అంటే పైదానికి తలకిందుల నకలు అనుకుంటాం కదా, కాదు. మన కన్ను నీటికి అడుగున ఉండి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో అది. పుష్కర ఘాట్ మెట్ల మీద కూచుని కట్టేసిన పడవని చూడండి. పైన పడవ పక్క భాగం కనిపిస్తే, నీళ్ళలో దాని అడుగు చెక్కలు కూడా కనిపిస్తాయి, తారు పూసిన అతుకులతో సహా. ఒకే ఫోటోలో ఒకే పడవ రెండు చోట్ల నుంచి చూసినట్టు వస్తుంది. ఈ మధ్య ఫోటోని సగానికి కోసి కిందికి తిప్పి అతికించి "నీళ్ళలో నీడ" అని పెట్టే యాప్‌లు వచ్చాయి. చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే అందులో పడవ అడుగు కనిపించదు. మీ పన్నెండో ఫోటో అలా చేసిందే అనుకుంటున్నాను. పొరపాటైతే క్షమించండి. అదే అయితే దాన్ని పక్కన పెట్టేయండి. అది ఒకటి ఉంటే మిగతా పదమూడు నిజంగా తీసినవైనా చూసేవాళ్ళు నమ్మరు.

గోదావరి నీడలు నాకు బాగా తెలుసు కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా చెబుతాను. రాజమండ్రి దగ్గర నది అంత వెడల్పుగా, చెరువులా నిలిచి కనిపించడానికి కారణం దిగువన ధవళేశ్వరంలో ఉన్న ఆనకట్ట. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట దగ్గరే ఇప్పటి బ్యారేజీ ఉంది. గేట్లు మూసి ఉన్న నెలల్లో నీరు నిలకడగా ఉంటుంది. కార్తీకం దాటాక, చలి పట్టిన పొద్దుల్లో గాలి కూడా ఉండదు. రాత్రంతా నేల చల్లబడి దాని మీది గాలి బరువెక్కి కదలకుండా పడుకుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి లేస్తుంది, నీటి మీద గీతలు మొదలవుతాయి, ఇక నీడ చెదిరిపోతుంది. కాబట్టి సూర్యోదయానికి ముందే గట్టు మీద ఉండాలి. ఊరు తూర్పు ఒడ్డున ఉంది, అవతల కొవ్వూరు. పొద్దున మీ వెనకనుంచి ఎండ వచ్చి ఆర్చి వంతెన మీద పడుతుంది, కాంక్రీటు కమానులు తేనె రంగులోకి తిరుగుతాయి. నీళ్ళలో ఆ కమానుల నీడ చెదరకుండా కనిపించేది కాసేపే. సాయంత్రం అదే చోట నిలబడితే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు, వంతెన నల్లగా గీత గీసినట్టు వస్తుంది. రాత్రి దీపాల నీడలు నీళ్ళలో పొడుగ్గా సాగుతాయి, అది కెమెరా తప్పు కాదు. చిన్న చిన్న అలలు ఒక్కొక్కటీ ఒక్కో అద్దం ముక్కలా వంగి అదే దీపాన్ని మన వైపు పంపిస్తాయి.

వరదల్లో, ఎర్రనీళ్ళు వచ్చాక ఈ నీడల కోసం వెళ్ళకండి. బురదలోంచి వెలుతురు చెదిరి పైకి రావడంతో నల్లగా ఉండాల్సిన నీడ కాఫీ రంగులో కలిసిపోతుంది. గేట్లు ఎత్తి ఉంటే ప్రవాహం కూడా గట్టిది, మెట్ల చివరికి దిగడం ప్రమాదం. ఆ నెలల్లో హేవలాక్ వంతెన రాతి స్తంభాలు తీయండి. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన వంతెన అది. ఎర్రటి వరద ఆ రాళ్ళకి కొట్టుకుని సుడి తిరగడం తీస్తే చాలు, నీడ అక్కర్లేదు.

ఇంట్లో తీసినవాటికి వద్దాం. ఇత్తడి బిందె ఫోటో నాకు మీ పద్నాలుగింటిలో రెండో ఇష్టమైనది. బిందె పొట్ట గుండ్రం కాబట్టి గది మొత్తం అందులోకి వచ్చి చిన్నదై కూచుంది: కిటికీ, గ్యాస్ పొయ్యి, పొయ్యి దగ్గర అమ్మ, ఇటువైపు ఫోన్ ఎత్తి పట్టుకున్న మీరు. నిజానికి అది మీ ఇద్దరి ఫోటో. అయితే దాన్ని బయట పెట్టే ముందు ఒక పని చేయాలి. పూర్తిగా పెద్దది చేసి, అంగుళం అంగుళం చూడండి. గోడ మీద క్యాలెండర్ పక్కన అతికించిన కాగితం మీద ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి. వెనక గదిలో ఎవరో పడుకుని ఉన్నారు. స్టీలు గిన్నె, కళ్ళజోడు, ఆపేసిన టీవీ తెర, బండి అద్దం, ఇవన్నీ మనం చూపించాలనుకోనివి కూడా చూపిస్తాయి. అమ్మకి ఆ ఫోటో చూపించి, బయట పెట్టనా అని అడగండి. అమ్మే కదా అనుకోకండి.

ఈ మాట నాకు ఒకసారి దెబ్బ తగిలాక తెలిసింది. 2013 వానాకాలంలో మా సందులో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి. ఒకావిడ గడప దగ్గర కూచుని చేటతో నీళ్ళు బయటికి ఎత్తిపోస్తోంది. ఆవిడ నీడ సందులో నిలిచిన నీళ్ళలో పడింది, చేట పైకి లేచిన క్షణాన నీటి బొట్లు పైనా కిందా రెండు వరుసల్లో వచ్చాయి. అంత బాగా కుదిరిన ఫోటో నా చేతిలో అరుదు. ఆ రాత్రే నెట్‌లో పెట్టాను. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ మెచ్చుకున్నారు. వారం తర్వాత ఆవిడ మనవడు ఫోన్‌లో చూసి ఆవిడకి చూపించాడు. ఆవిడ మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది: "బాబూ, ఇల్లు మునిగిన రోజే దొరికానా నీకు? పండగ నాడు తియ్యకూడదా?" కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. ఆ ఫోటో అప్పుడే తీసేశాను. సంక్రాంతికి వెళ్ళి, కొత్త చీర కట్టుకుని ముగ్గు ముందు నిలబడితే తీసి, పెద్ద సైజు ప్రింటు వేయించి ఇచ్చాను. అది ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో అద్దం పక్కన ఉంది. వరద నాటి ఫోటో నా దగ్గర డిస్కులో ఉంది, ఎవరికీ చూపించను.

నీడలో ఉన్నంత మాత్రాన మనిషి గుర్తుపట్టనివాడు అయిపోడు. తలకిందులుగా ఉన్నా వాళ్ళవాళ్ళు గుర్తుపడతారు. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగనిదే పెట్టకండి.

ఎక్కడ పెట్టాలి అన్నదానికి నా జవాబు: రెండు చోట్ల, రెండు రకాలుగా.

మొదటిది మీకు తెలిసిన నలుగురి దగ్గర. వారానికి ఒకటి. పద్నాలుగు ఒకేసారి పెడితే చూసేవాళ్ళు చివరిదాకా రారు, వచ్చినా ఏదీ గుర్తుండదు. ఒక్కటి ఎంచుకోవాలంటే మిగతా పదమూడూ మీరే కాదనుకోవాలి, ఆ కాదనుకోవడంలోనే మీ చూపు పదునెక్కుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, గుంటలోని సన్న గీతలు ముందు పోయేవి. హెచ్‌డీ అని నొక్కి పంపండి. ఒరిజినల్ చెక్కుచెదరకుండా వెళ్ళాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. కానీ అలా పంపినప్పుడు ఫోటో లోపల దాగి ఉన్న లొకేషన్ కూడా వెళ్తుంది. ఇంట్లో తీసినవైతే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి తీసుకోవడం మంచిది. ఊరి పేరు మీరు చేత్తో రాయండి, ఇంటి గుమ్మం మ్యాపులో చూపించక్కర్లేదు.

రెండోది వికీమీడియా కామన్స్, వికీపీడియాలో వాడుకునే ఫోటోలు ఎవరైనా పెట్టగలిగే చోటు. దీని గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, మన ఊళ్ళ మీద వేల వ్యాసాలున్నాయి, వాటిలో ఎన్నింటికో ఒక్క ఫోటో కూడా లేదు. ఏటా జూలై, ఆగస్టు నెలల్లో ఫోటోలు లేని వ్యాసాలకి ఫోటోలు చేర్చే పోటీ కూడా జరుగుతుంది. మీ ఊరి చెరువు, చెరువు గట్టు మీద గుడి, నీళ్ళలో దాని నీడ, ఇది అక్కడ పెడితే ఆ ఊరి పేరు వెతికిన ప్రతివాళ్ళకీ కనిపిస్తుంది. విదేశాల్లో ఉన్న ఆ ఊరి పిల్లలకి కూడా. ఒక్కటి తెలుసుకుని పెట్టండి: అక్కడి లైసెన్సు ప్రకారం మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బు సంపాదించుకోవడానికి కూడా. అది ఇష్టమైన ఫోటోలే అక్కడ పెట్టండి. అమ్మ ఉన్న బిందె ఫోటో వద్దు.

హక్కుల గురించి టెన్షన్ వద్దు. మీకోసం మీరు తీసుకున్న ఫోటో మీద హక్కు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీదే, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. ఫోటో మధ్యలో అంత పెద్ద అక్షరాలతో మీ పేరు వేశారు, బండి చక్రం దాని కిందే పోయింది. తీసేయండి. పోటీలకి పంపేటప్పుడు మాత్రం నిబంధనలు చివరి వరుసదాకా చదవండి. ఒక పోటీకి నేను పంపిన గోదావరి ఫోటో మరుసటి ఏడాది ఒక క్యాలెండరు మీద నా పేరు లేకుండా కనిపించింది. వెళ్ళి అడిగితే నేను సంతకం పెట్టిన కాగితమే చూపించారు.

ఎడిటింగ్ మీద ఎక్కువ చెప్పను. వెలుతురు కొద్దిగా తగ్గించండి, నీడ ఎప్పుడూ అసలుదాని కంటే ఒక మెట్టు చీకటిగానే ఉంటుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి. ఫోటోని తిప్పేసి నీడని నిటారుగా చేయడం ఇప్పుడు ఫ్యాషన్. నాకు నచ్చదు. తలకిందుల మనిషిని గుర్తుపట్టడానికి చూసేవాళ్ళు పడే ఆ రెండు సెకన్ల కష్టం పోతుంది.

ప్రింటు వేయించండి. నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటుకి 1200 బై 1800 పిక్సెల్స్ చాలు, మీ ఫోన్ అంతకంటే ఎంతో పెద్ద ఫోటో తీస్తుంది. గ్రూపులోంచి దింపుకున్న కాపీ కాకుండా ఫోన్‌లోని ఒరిజినల్ స్టూడియోకి ఇవ్వండి. బండి ఫోటో రెండు కాపీలు తీయించండి. ఒకటి వెనకవైపు ఊరు, వీధి, తేదీ, వేళ రాసి మీ దగ్గర ఉంచుకోండి. రెండోది ఆ కూరగాయలాయనకి ఇచ్చి, గ్రూపులో పెట్టడం ఆయనకి సమ్మతమేనా అడగండి. ఇచ్చేటప్పుడు ఆ తక్కెడ ఎప్పటిదో కూడా అడిగి తెలుసుకోండి. ఆయన చెప్పింది ఆ ఒక్క వరుస పక్కన రాసి, ఈసారి ఆ ఫోటో ఒక్కటే పెట్టండి.